సున్నం పాదాల ఉపపత్తి

నికార్ఖోస్ ఇంట్లో ఉపపత్తి, అంటే నిరూపణ, లేని మాటకు విలువ లేదు. అలెగ్జాండ్రియాలో రేఖాగణితం నేర్పే గురువుల్లో అంత పట్టింపు ఉన్న మనిషి ఇంకొకడు లేడు. ముందు దత్తాంశం చెప్పాలి, తర్వాత సాధించవలసింది చెప్పాలి, ఒక్కో మెట్టు దగ్గర ఆగి ఒప్పుకుంటారా అని అడగాలి. అందుకే వెండి గిన్నె పోయిన రోజున కూడా ఆయన అరవలేదు, ఎవరినీ కొట్టలేదు. ఇంట్లోనే ఉండి చదువుకుంటున్న శిష్యుడు యూమారెస్‌ను పిలిచి, దొంగ ఎవరో నిరూపించమన్నాడు.

యూమారెస్‌ది గురువు మెప్పు కోసం ప్రాణం పెట్టే వయసు. వెంటనే మొదలుపెట్టాడు. గిన్నె ఉన్న గది ముందు ఆ పూటే కొత్తగా సున్నం పరిచారు. గిన్నె తీసినవాడు దాన్ని తొక్కక తప్పదు. కాబట్టి దొంగ పాదాలకు సున్నం ఉంటుంది. అందరూ ఒప్పుకున్నారు. బొమ్మలు గీసే పలక మీద రోజూ ఇసుక పరిచే బానిస మన్నెస్ పాదాలకు సున్నం ఉంది. కాబట్టి దొంగ మన్నెస్. తోటి విద్యార్థులు శభాష్ అన్నారు. అంత తెలివైనవాళ్లలో ఒక్కడికీ అనుమానం రాలేదు.

"చిన్నయ్యా, మీ లెక్కలు నాకు తెలీవు. నేను తియ్యలేదు," అన్నాడు మన్నెస్.

ఆ మాటకు ఉపపత్తి లేదు గనక ఎవరూ పట్టించుకోలేదు. సాయంత్రం భటులు వచ్చి తీసుకుపోయారు. బానిస చెప్పే సాక్ష్యం చిత్రహింస పెట్టి రాబట్టిందైతేనే చెల్లుతుంది. పాడు చట్టం.

మర్నాడు పాఠం విపర్యయం గురించి. చతురస్రమైతే కర్ణాలు సమానంగా ఉంటాయి, కర్ణాలు సమానమైనంత మాత్రాన అది చతురస్రం కానక్కరలేదు, దీర్ఘచతురస్రానికీ అవి సమానమే అని గురువు గీసి చూపించాడు. వింటూ తల వంచుకున్న యూమారెస్‌కు తన పాదాలు కనిపించాయి. తెల్లగా ఉన్నాయి. పొద్దున పెరట్లో మేస్త్రీలు నిన్నటిలాగే సున్నం తడుపుతున్న గుంత పక్కనుంచి నడిచి వచ్చాడు. గిన్నె తను తియ్యలేదు. దొంగకు సున్నం అంటుంది, నిజమే. సున్నం అంటినవాడల్లా దొంగ ఎలా అవుతాడు?

గురువును వెంటబెట్టుకుని ఠాణాకు పరుగెత్తాడు. గోడ అవతల మన్నెస్ మూలుగు వినిపిస్తోంది. తన ఉపపత్తి తప్పని యూమారెస్ వివరించాడు. అధికారి ఓపిగ్గానే విన్నాడు. వాడింకా నేరం ఒప్పుకోలేదని, ఇంకో విడత తట్టుకోలేడని చెప్పాడు.

"అయితే వాడు గిన్నె తియ్యలేదు. అంతేనా బాబూ? ఆ ఒక్క ముక్క నీ నోటితో అను, ఇప్పుడే కట్లు విప్పిస్తా."

యూమారెస్ నోరు తెరిచాడు. ఉపపత్తి తప్పయితే దొంగ అని తేలలేదని మాత్రమే అర్థం, దొంగ కాదని తేలినట్టు కాదు. ఒక్క అబద్ధం చాలు, అసలు అది అబద్ధమో కాదో కూడా ఎవరికీ తెలియదు. పక్కనే గురువు నిలబడి చూస్తున్నాడు.

"అలా చెప్పలేనండి," అన్నాడు. "తీశాడని తేలలేదు. తియ్యలేదనీ తేలలేదు."

అధికారి విసుగ్గా లోపలికి చెయ్యి ఊపాడు. అవతల మళ్లీ మొదలైంది.

నికార్ఖోస్ శిష్యుడి భుజం తట్టాడు. "సరిగ్గా చెప్పావు," అన్నాడు.

మన్నెస్ మధ్యాహ్నం దాకా బతికాడు. యూమారెస్ ఠాణా మెట్ల మీదే కూర్చుని అంతా విన్నాడు.