గంగజాతరలో చివరి రీలు

సాయంత్రం రైలుకు కెమెరా మద్రాసు వెళ్లిపోవాలి. నాయన ఇంకా నోరు విప్పలేదు.

దామోదరానికి అదే దిగులు. పోయినేడు చనిపోయిన అమ్మ మీద చిన్న డాక్యుమెంటరీ తీద్దామని కెమెరా అరువు తెచ్చుకుని తిరుపతి వచ్చాడు. ఆమెది ఒక్క ఫొటో కూడా లేదు. అందుకని ఆమె వంటిల్లు, ఆమె కూర్చున్న గడప తీశాడు. వాటి మీద ఆమె గురించి చెప్పే గొంతు కావాలి. అది నాయన మునిరామయ్య గొంతే కావాలి. కొండ బస్సు నడిపి రిటైరైన ఆ మనిషి టేపు రికార్డరు చూస్తే చాలు, "ఏముండాది చెప్పేదానికి? మంచి మనిషి" అని తువ్వాలు దులుపుకుని లేచిపోయేవాడు.

"నీ సినిమా సరే, అమ్మ మొక్కు సంగతేంది?" అంది అక్క పంకజాక్షి.

చిన్నప్పుడు దామోదరానికి అమ్మవారు పోసింది. బిడ్డ బతికితే గంగజాతరలో చీర కట్టించి గుడికి నడిపిస్తానని అమ్మ మొక్కుకుంది. పెద్దయ్యాక ఏటా వాడు ఏదో సాకు చెప్పి తప్పించుకున్నాడు.

"ఈపొద్దే జాతర. కట్టుకుంటావా, ఈసారి గూడా పరీక్షలుండాయా?"

"కట్టు. మీసం మాత్రం తియ్యను."

"గంగమ్మకు మీసాలోళ్లు కొత్తేం గాదులే."

పంకజాక్షి వాడికి అమ్మ పచ్చంచు చీర కుచ్చిళ్లు పోసి కట్టి, ముఖానికి పసుపు పూసింది. జాతర సినిమాలో ఉండి తీరాలి. కానీ వేషం వేసినవాడు తానే, అక్క నెత్తిన పొంగలి గంప. కెమెరా పట్టడానికి ఇక మిగిలింది నాయనే.

"ఈ మీట నొక్కి, దీంట్లోంచి నన్ను చూస్తా వెనకే రా నాయనా."

జాతరలో పంబ డోళ్ల మోత కోసం టేపు రికార్డరు ఆన్ చేసి ఆయన భుజానికే తగిలించాడు.

వీధి నిండా చీరలు కట్టిన మగవాళ్లు. అరుగు మీద కూర్చున్న చెంగల్రాయుడు, "మునిరామయ్యా, కోడలు శానా పొడుగుండాదే" అన్నాడు.

దామోదరం నాలుగడుగులు వేశాడో లేదో, వెనక నుంచి నాయన గొంతు వినిపించింది.

"అట్లగాదురా. మీయమ్మ ఎప్పుడు అంత బిరబిరా నడిసింది? నిదానంగా పో."

దామోదరం వేగం తగ్గించాడు.

"ఎడం కాలు రవంత ఈడ్సు. ఆఁ, అట్ల."

అమ్మ కాలు ఈడ్చేదా? వాడెప్పుడూ గమనించలేదు.

"ఎందుకు నాయనా?" తల తిప్పకుండా అడిగాడు.

"నువ్వు కడుపులో ఉండావు. పుట్టింటి నుంచి వస్తా పాకాలలో రైలు దిగేటప్పుడు జారింది. నేను వస్తానని చెప్పి, డ్యూటీ పడి పోలేదు. మూట నెత్తిన పెట్టుకుని ఒక్కతే ఇంటికొచ్చింది. కాలు వాసుంటే, రాయి తగిలిందని చెప్పింది. నిజం నాకు ఎవురో చెప్పినారు. నేను అడగలా. ఆమె చెప్పలా."

కెమెరా గరగర ఆగిపోయింది. రీలు అయిపోయింది. ఆ సంగతి నాయనకు తెలియదు. భుజాన టేపు రికార్డరు మాత్రం తిరుగుతూనే ఉంది. కన్ను దానికే ఆనించి, ఆమె కొప్పు ముడి గురించి, కోపమొస్తే గిన్నెలు కడిగే తీరు గురించి చెబుతూనే ఉన్నాడు.

గుడి మలుపు వచ్చింది. పంకజాక్షి తిరిగింది.

"ఒరే, గుడి ఇట్లరా."

"నువ్వు పో అక్కా, వస్తాం."

దామోదరం ఎడం కాలు కాస్త ఈడుస్తూ, వెనక్కి చూడకుండా తిన్నగా ముందుకు నడిచాడు.