నాబ్ మీద బొట్టుబిళ్ళ

ఓదెలు బస్సులో చివరి సీట్లో కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో పాత ఎకో మిషన్ పెట్టుకుని, పోయి ఏడాది దాటిన మనిషి కాస్తయినా సిగ్గు లేకుండా పల్లీలు తింటున్నాడు, నేను సీట్లు పట్టుకుని ఊగుతూ అతని దగ్గరికి నడుస్తున్నాను, నడిచిన కొద్దీ బస్సు పొడుగవుతోంది, కిటికీల్లో పత్తి చేలు పోతున్నాయి, తర్వాత బయటి చప్పుడు రాకుండా మా స్టూడియో గోడలకు కొట్టిన గోనెసంచులు పోతున్నాయి, తీరా చేరేసరికి అది బస్సు కాదు, కరీంనగర్‌లో మా స్టూడియోనే, కాకపోతే కాళ్ళ కింద ఇంజను ఇంకా మోగుతూనే ఉంది. బతికుండగా నా మొగుణ్ణి పేరు పెట్టి ఒక్కసారీ పిలవలేదు. ఇప్పుడు ఎవరడుగుతారు?

"ఏమయ్యా, గీడున్నవా? ఊరంత దేవులాడిన."

"కూసో వినోదా. పల్లీలు తింటవా?"

"నీ పల్లీలు నువ్వే తిను. నాకు నంబరు గావాలె."

ఏ నంబరని అడుగుతున్నాడు. అబ్బ, చచ్చాక కూడా మొగుళ్ళకు అన్నీ విడమరిచి చెప్పాలి కాబోలు. పత్తి ఏరే పాట, నేను పాడుతుంటే అతను రికార్డు చేసిన పాట, మొదటి చరణం అయింది, రెండోది మిగిలింది, అతను పోయాడు, ఆ వెనకే మిషన్ కూడా కాలిపోయింది. అతనితో పనిచేసిన సదానందమే ఇప్పుడు స్టూడియో చూసుకుంటున్నాడు. అచ్చం ఆ మిషన్ లాంటిదే సాఫ్ట్‌వేర్‌గా వస్తుందట, దాన్ని ల్యాప్‌టాప్‌లో వేశాడు, తిప్పడానికి చిన్న నాబ్‌ల పెట్టె కూడా తెచ్చి బల్ల మీద పెట్టాడు. అంతా అదే. హెడ్‌ఫోన్లలో నా గొంతు వెనక్కి వస్తే అదే గరగర, అదే వెచ్చదనం. కానీ నేను పాడలేకపోతున్నాను.

"ఎందుకు పాడలేవు?" అంటున్నాడు, పల్లీ పొట్టు ఊదుతూ. ఆ పొట్టు కింద పడడం లేదు, గది నిండా పత్తిలా తేలుతోంది.

ఆ పాటలో ప్రతి లైను చివరా "ఓ వదినా" అని పిలవాలి. పత్తి చేలో అది మాకు అలవాటు, ఒకరు పిలిస్తే పక్క సాలులో ఉన్నవాళ్ళు "ఓ" అనాల్సిందే, అనకపోతే నడుం ఎత్తి చూసుకుంటాం, ఒక్కదాన్నే మిగిలానా అని. స్టూడియోలో చేను లేదు, వదినలు లేరు, ఎకోనే నాకు పలికేది. ఇప్పుడది ఒక్కోసారి సగంలో ఆగిపోతోంది, ఒక్కోసారి తర్వాతి మాట మీద పడి నన్ను తడబడేలా చేస్తోంది. "ఇయ్యాల సాయంత్రం సుత గాకపోతే వేరే పిల్లతోని పాడిపిస్త అక్కా, ఏమనుకోకు," అన్నాడు సదానందం. అతను చెడ్డవాడు కాదు. ఎంతకని చూస్తాడు?

"గా పాట నాది," అంటున్నాను. "నీది, నాది. ఇంకొకరు పాడుతె నేను సావనన్న సస్త గని ఇయ్య. చెప్పు, ఎకో నాబ్ ఎంత మీద వెట్టేటోనివి? సదానందం అన్ని నంబర్లు వెట్టి జూసిండు."

ఓదెలు నవ్వుతున్నాడు. ఆ నవ్వు కూడా రెండుసార్లు వినబడుతోంది.

"నంబరా? నేనెన్నడు జూసిన దాని దిక్కు?"

"మరెటు జూసేటోనివి?"

"నీ దిక్కు. మన నడిమి అద్దంల నుంచి. లైను అయిపోంగనే పెంచేది, నీకు జవాబు రావాలె గద. ఊపిరి తీసుకునేటప్పుడు నీ కుడి భుజం లేస్తది, అప్పుడు తగ్గించేది. గంతే."

ఇన్నేళ్ళు నాకు పలికింది మిషన్ అనుకున్నాను. నాకు ఏడుపు వస్తోంది, ఏడుపు వెనకాలే ఒళ్ళుమంట.

"గట్లయితే ఇప్పుడు నా భుజం ఎవరు జూస్తరయ్యా? చెప్పకుంట పోయినవ్. ఇంట్ల మాట్లాడుతె గోడలు సుత పలుకుత లేవు. ఒక్కదాన్నే అయిపోయిన."

అతను నా చెయ్యి పట్టుకుని నాబ్ మీద పెడుతున్నాడు. అద్దానికి అవతల నేనే నిలబడి పాడుతున్నాను, నెత్తికి తువాలు చుట్టుకుని, "ఓ వదినా" అని పిలిచి నడుం ఎత్తి అటూ ఇటూ చూస్తున్నాను, పాపం, ఎవరూ పలకడం లేదు. ఇవతల నేను నాబ్ తిప్పుతున్నాను, అది సబ్బులా జారుతోంది, ఎక్కడ మొదలో ఎక్కడ కొసో వేలికి తెలియడం లేదు.

"బొట్టుబిళ్ళ వెట్టు," అంటున్నాడు.

అవును, పాత మిషన్ నాబ్ మీద గీత అరిగిపోతే నన్ను బొట్టుబిళ్ళ అడిగి అంటించాడు. దాని వైపు చూడకుండానే బొటనవేలితో తడుముకునేవాడు.

"నా తాన లేవు," అంటున్నాను. "నువ్వు పోయిన్నాడే అన్ని తీసిపారేసిండ్రు."

"నేను తియ్యిమన్ననా?" అంటున్నాడు, నిజంగానే కోపంగా. బొటనవేలు ఎత్తి చూపిస్తున్నాడు, దాని మీద మెరూన్ రంగు బిళ్ళ, నేను పెట్టుకునేదే. "ఊపిరి నీదేనాయె. నీకంటె ముందు ఎవలకు తెలుస్తది? నువ్వే తిప్పుకో పో." ఇంజను చప్పుడు పెద్దదవుతోంది, గోనెసంచులు మళ్ళీ కిటికీల్లో కదులుతున్నాయి, నేను ఇంకా అడగాల్సింది ఉంది, "ఆగు, ఆగు" అంటున్నాను, నా మాటే నాకు వెనక్కి వస్తోంది.

ఫోను మోగుతోంది. ముందు గదిలో చాప మీద ఉన్నాను, అన్నం తిని నడుం వాల్చినదాన్ని. సాయంత్రపు ఎండ ఇంకా గుమ్మం దాకా రాలేదు. సదానందం ఫోను.

"అక్కా, వస్తున్నవా? లేకపోతె గా పిల్లను పిలువమంటవా?"

"ఉండు," అని ఫోను చెవి దగ్గరే పెట్టుకుని మొహం కడగడానికి లేచాను. పంపు మీద అద్దం. దాని మూలన మెరూన్ రంగు బిళ్ళ ఒకటి, ఎప్పుడో స్నానానికి పోతూ నేను అంటించిందే, అందరూ అన్నీ తీసినప్పుడు ఎవరి కంటా పడలేదు. ఏడాదిగా ఆ అద్దం తుడుస్తూనే ఉన్నాను, దాని చుట్టూ తుడుస్తూనే ఉన్నాను.

గోటితో మెల్లగా లేపి బొటనవేలికి అంటించుకున్నాను.

"వస్తున్న," అన్నాను. "గా నాబ్‌ల పెట్టె అద్దానికి ఇవతల, నా మైకు కాడ వెట్టు."

"నీకెందుకక్కా అది? నేను తిప్పుత గద."

"నువ్వు రికార్డు చూసుకో సాలు," అన్నాను, చెప్పులు వేసుకుంటూ. బిళ్ళకు జిగురు ఇంకా ఉంది.