ఒప్పుకోలు సీట్లు

దేశం మొత్తంలో లావుపాటి మనుషులు మా రాష్ట్రంలోనే ఎక్కువని పేపర్లో పడ్డ రోజు, నా బస్సెక్కిన వాళ్లందరికీ తలకొట్టేసినట్టయింది. ఉన్నమాటంటే ఉలుకెక్కువంటారు. మావాళ్లకి ఉలుకుతో పాటు రోషం కూడా వచ్చింది. చదివిన పేపరుని మడిచి, దానిమీదే కూర్చున్నారు. కసి తీర్చుకోవడానికి వాళ్ల చేతిలో ఉన్న దారి అదొక్కటే.

పుండు మీద కారం చల్లినట్టు, నెల తిరక్కుండానే డిపోవాళ్లు బస్సు వెనకవైపు నాలుగు వెడల్పు సీట్లు బిగించారు. మెత్తటివి, హాయిగా కాళ్లు చాపుకోవచ్చు. జనం వాటికి ఒప్పుకోలు సీట్లని పేరు పెట్టారు. కూర్చుంటే పేపర్లో రాసింది ఒప్పుకున్నట్టేనట! ఇద్దరి సీట్లో ముగ్గురు ఇరుక్కునేవారు, మిగతావాళ్లు కడ్డీ పట్టుకుని వేలాడేవారు. రోజూ ఎక్కే తపాలా గుమాస్తా, గాలేస్తే ఎగిరిపోయేలా ఉంటాడు, అతను కూడా వాటివైపు కన్నెత్తి చూసేవాడు కాదు. ఇరవై ఏళ్ల కండక్టరు ఉద్యోగంలో, సీట్లు ఖాళీగా ఉండగా జనం నిలబడిన బస్సు నేనెక్కడా చూడలేదు.

నా బాధల్లా మా అక్క గురించే. అక్క ఆస్పత్రి వంటశాలలో పనిచేస్తుంది. పొద్దుట్నుంచీ పొయ్యి దగ్గర నిలబడే ఉంటుంది. భారీ మనిషి, మోకాళ్లు అరిగిపోయాయి. నిలబడటం తగ్గించకపోతే ఆపరేషన్ తప్పదని డాక్టరు చెప్పేశాడు. సాయంత్రం నా బస్సులోనే ముప్పావుగంట ప్రయాణం. ఆ వేళకి మామూలు సీటు దొరకదు.

"అక్కా, నీ కాళ్లు పట్టుకుంటా, వెళ్లి కూర్చో."

"నువ్వు పట్టుకోనక్కర్లేదు, అవే పట్టేశాయి."

"అందుకేగా కూర్చోమంటున్నా!"

"నిలబడి చస్తా గానీ అందులో కూర్చోను. పొరుగు రాష్ట్రంవాళ్లు నవ్వడానికి నేనే దొరికానా?"

మొండితనంలో అక్కకి అక్కే సాటి. మాట వింటే ఒళ్లు మండేది, మొహం చూస్తే కడుపు తరుక్కుపోయేది.

మొన్న గురువారం మెడలో కెమెరా వేసుకుని ఒకడు ఎక్కాడు. పొరుగు రాష్ట్రం పత్రికవాడు. ఈ సీట్ల గురించి రాస్తాడట. జనమంతా ఊపిరి బిగబట్టి, పొట్టలు లోపలికి లాక్కున్నారు. ఈ గొడవేమీ తెలియని బడిపిల్ల ఒకతె తర్వాతి స్టాపులో ఎక్కింది. పదమూడేళ్లుంటాయేమో, బొద్దుగా ఉంది, వీపున బండెడు పుస్తకాలు. కిటికీ పక్క వెడల్పు సీటు ఖాళీగా కనిపించేసరికి హమ్మయ్య అంటూ కూలబడింది.

పత్రికవాడి మొహం వెలిగిపోయింది. "కదలకమ్మా, ఒక్క ఫొటో" అంటూ కెమెరా ఎత్తాడు. పిల్లకి అప్పుడర్థమైంది. సంచి పొట్టకి అడ్డం పెట్టుకుని తల దించేసుకుంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

నేను నోరు తెరిచేలోపే అక్క కదిలింది. జనాన్ని తోసుకుంటూ వెళ్లి, పిల్ల పక్క సీట్లో, కెమెరాకి అడ్డంగా ధబ్బున కూర్చుంది.

"నన్ను తియ్యి బాబూ. ముప్పై ఏళ్లు రోగులకి వండిపెట్టిన ఒళ్లిది, కత్తిరించకుండా మొత్తం వెయ్యి. పిల్ల జోలికొచ్చావో, ఆ డబ్బా నీకు దక్కదు."

మా అక్కని చూసి అంత గర్వం నాకెప్పుడూ కలగలేదు. వాడు కెమెరా దించాడు. తపాలా గుమాస్తా గొంతు సవరించుకుని వెళ్లి మూడో సీట్లో కూర్చున్నాడు. పాపం, సగం కూడా నిండలేదు. నాలుగోదాని కోసం ఇద్దరు పోటీపడ్డారు. "మమ్మల్నీ తియ్యవయ్యా!" అని ముందునుంచి ఎవరో అరిచారు. పత్రికవాడు తర్వాతి స్టాపులోనే దిగిపోయాడు.

అక్క దిగాల్సిన చోటొచ్చింది. లేవలేదు.

"దిగవా అక్కా?"

"ఒక్క నిమిషం ఆపరా తమ్ముడూ. కాళ్లకి సుఖంగా ఉంది" అంది, తప్పు చేసినదానిలా.

హారన్ మీంచి చెయ్యి తియ్యని మా డ్రైవరు ఇంజనే ఆపేశాడు. బస్సులో నలభైమంది, అందరూ ఇళ్లకి చేరాల్సినవాళ్లే. ఒక్కరు కూడా పోనియ్యమనలేదు.