ఫ్లోరిస్ చేసిన మెత్తటి సీటు

కాల్వీనియా మోటారుసైకిల్ సంఘానికి ఒక టాయిలెట్ సీటు ఉంది. దానికి గులాబీ రంగు వేసి, తాడు కట్టి, ఏడాదంతా సాకీ మామ షెడ్డులో మేకుకు తగిలించి ఉంచుతారు. యాత్రకు బయలుదేరే రోజున మాత్రం దాన్ని దించి, దుమ్ము తుడిచి, బక్కీలో పెడతారు. బక్కీ అంటే సామానంతా మోసుకుంటూ బైకులన్నిటి వెనకా వచ్చే తొట్టి బండి. దాన్ని నడిపేది సాకీ మామే. ఇక బైకు మీద కూర్చోవడం నా వల్ల కాదని ఎవరు ఆ బక్కీ ఎక్కినా, ఆ సాయంత్రం నిప్పుల దగ్గర గులాబీ సీటును హారంలా మెళ్లో వేసుకుని భోంచెయ్యాలి.

నాలుగేళ్లుగా ఆ హారం డ్రీనీ మెళ్లోనే పడుతోంది.

"నా మెడ కొలత తీసుకుని చేయించినట్టుంది" అని ఆమె పైకి నవ్వేది. హారం బాధ ఆమెకు పెద్ద బాధ కాదు. అసలు బాధ వేరే ఉంది. వెనక సీటులో కూర్చుని, బక్కీ ఎక్కకుండా చివరిదాకా వచ్చినవాళ్లే మరుసటి ఏడు ఎక్కడికి వెళ్లాలో చెప్పాలి. అలాంటివాళ్లు ఒకరికన్నా ఎక్కువమంది ఉంటే కొత్తగా గెలిచినవాళ్లదే మాట. సంఘం పుట్టినప్పటినుంచీ అదే కట్టుబాటు. నాలుగేళ్లూ ఆ మాట చెప్పింది డ్రీనీ ఆడపడుచు లెటీ. నాలుగేళ్లూ లెటీ కొండలే కోరింది. ఈసారి కూడా సదర్లాండ్ మీదుగా విల్లోమోర్ దాకా కొండదారే.

డ్రీనీకి సముద్రం కావాలి. పెళ్లయిన కొత్తలో ఒక్కసారి లాంబర్ట్స్ బేలో అలల్లో కాళ్లు పెట్టుకుని, కాగితంలో చుట్టిన వేడి చేప తిన్నది. తర్వాత పిల్లలు, గొర్రెలు, వానలు రాని ఏళ్లు. ఏడాదికి పొలం గేటు దాటేది ఈ మూడు రోజులే. ఆ మూడు రోజులూ మళ్లీ రాళ్లూ పొదలూ చూడటానికైతే వాకిట్లో కుర్చీ వేసుకుంటే సరిపోదా?

అందుకే ఈసారి ముందే ఒక నిర్ణయానికి వచ్చింది.

"ఏమయ్యా, దుకాణంలో గొర్రెతోలు సీటు అమ్ముతున్నారు. లెటీకి కేప్ టౌన్ నుంచి తెప్పించిన గాలిదిండు ఉంది. నాకు కనీసం అదైనా కొనిపెట్టు" అంది మొగుడితో.

ఫ్లోరిస్ కాఫీ కప్పు కింద పెట్టేశాడు. "ఇన్ని గొర్రెలు పెట్టుకుని గొర్రెతోలు కొనుక్కోవడమా? ఊళ్లో తలెత్తుకు తిరగొద్దా నేను?"

"నీ తల గురించి కాదయ్యా, నేను చెప్పేది నా కింది సంగతి."

ఫ్లోరిస్ వినలేదు. కారూ అనే ఆ ఎండు నేల మీద గొర్రెలు పెంచే ఏ మగాడూ వినడు. ఈస్టరుకు కోసిన పొట్టేలు తోలుకు ఉప్పు బాగా దట్టించి, కంచె మీద ఆరేశాడు. ఊలు జానెడు మందం ఉంది. అది సీటు మీద మరీ ఎత్తుగా వస్తుందని, వెనక సీటు లోపలి స్పాంజి కోసి పారేశాడు.

"పటికలో నానబెట్టి పదును చెయ్యాలంటారు కదా?" అంది డ్రీనీ.

"మా తాత ఇలాగే చేశాడు."

"మీ తాత దాన్ని గోడకు తగిలించాడు. దాని మీద కూర్చుని సదర్లాండ్ వెళ్లలేదు."

కానీ మొదటి రోజు ఎక్కి కూర్చోగానే ఆమె తన కింద చెయ్యి పెట్టి చూసుకుంది. ఎంత మెత్తన! కంకర దారిలో గుంటలు ఎక్కడో కింద, వేరెవరికో తగులుతున్నట్టున్నాయి. అత్తగారు పెళ్లికిచ్చిన పరుపు కూడా ఇంత సుఖంగా లేదు. మొగుడి వీపు మీద తట్టి, "ఫ్లోరిస్, నువ్వు అప్పుడప్పుడు మంచివాడివే" అంది.

చిక్కల్లా కుక్కలతోనే. ఏ పొలం గేటు దగ్గర ఆగినా పోలోమని వచ్చి ఆ బైకునే చుట్టుముట్టేవి. ఒకచోట మంద కాసే కుక్క ఒకటి ఆ ఊలు చూసి తన పని తను చేసుకుపోయింది. నేల మీద పొట్ట ఆనించి పాకుతూ వచ్చి, అటు అదిలించి, ఇటు అదిలించి, వాళ్ల బైకును మిగతా బైకుల నుంచి విడదీసి తిన్నగా దొడ్డిలోకి తోలింది. లోపలికి వెళ్లాక గేటుకు అడ్డంగా కూర్చుంది. దాని యజమాని వచ్చి ఈలేసే దాకా ఫ్లోరిస్, డ్రీనీ గొర్రెల మధ్య హెల్మెట్లు పెట్టుకుని నిలబడ్డారు.

ఆ సాయంత్రం సదర్లాండ్ చలిలో గులాబీ సీటు ఎవరి మెళ్లోనూ పడలేదు. "వదినా, పరవాలేదే!" అంది లెటీ, గాలిదిండుకు గాలి ఊదుకుంటూ. ఆ "పరవాలేదే"లో కాస్త కంగారు వినబడింది.

రెండో రోజు ఎండ కాసింది.

ఎండ కాసేకొద్దీ పొట్టేలు తన ఉనికి చాటుకోసాగింది. ముందు లెటీ మొగుడు బ్రాం వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత ఒక్కొక్క బైకే వేగం పెంచి ముందుకెళ్లిపోయింది. వెనక మిగిలింది సాకీ మామ ఒక్కడు, ఆ ఎండలో అద్దాలన్నీ ఎత్తేసుకుని.

దారి పక్క దుకాణం దగ్గర కాఫీకి ఆగినప్పుడు లెటీ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "వదినా, మీ బండి కింద ఏదో చచ్చినట్టుంది, చూసుకోండి" అంది.

"బండి కింద కాదు లెటీ, నా కింద. ఈస్టరుకే చచ్చింది. నువ్వూ తిన్నావు."

అందరూ లోపల కూర్చుని వేడి రొట్టెల్లో జున్ను, ఆప్రికాట్ జామ్ పెట్టుకుని తింటుంటే, బయట దుకాణం ఆవిడ పెంపుడు గొర్రె బెస్సీ బైకు దగ్గరికి వచ్చింది. పాలసీసాతో పెంచిన గొర్రె. దానికి భయమూ లేదు, మర్యాదా లేదు. సీటు వాసన చూసింది. ఉప్పు! ఆ ఎండిన నేల మీద గొర్రెకు అంతకన్నా విందు ఏముంది? ఈ మూల నుంచి ఆ మూల దాకా నాకింది. ఊలు నానిపోయాక పీకి, తోలు నాకింది. వీళ్లు బయటికి వచ్చేసరికి ముందు కాళ్లు రెండూ ఫ్లోరిస్ కూర్చునే చోట పెట్టి, కళ్లు మూసుకుని నాకుతోంది.

"అయ్యో, తన జాతిదాన్నే తింటోంది!" అన్నాడు ఫ్లోరిస్.

"అది మనుషుల్ని ఏమీ అనదండీ" అంది దుకాణం ఆవిడ, గొర్రెను చెవి పట్టి లాగుతూ.

తడిసిన తోలు మధ్యాహ్నం ఎండకు అప్పడంలా బిగుసుకుపోయింది. డ్రీనీ కూర్చుంటే టప్ మంది, కదిలితే కటకటమంది. మెత్తదనం అంతా బెస్సీ కడుపులోకి పోయింది. కాసేపటికి బక్కీ పక్కకు వచ్చింది. సాకీ మామ అద్దం దించాడు.

"డ్రీనీ, ఎక్కెయ్యమ్మా. ఇక్కడ దిండుంది. చల్లటి జింజర్ బీర్ ఉంది. కోడికూర లోపల పెట్టి కాల్చిన 'పై' కూడా ఉంది."

"నన్ను చెడగొట్టకు మామా!"

"'పై' ఇంకా వేడిగానే ఉందమ్మా."

డ్రీనీ కళ్లు మూసుకుని సముద్రాన్ని తలుచుకుంది. ప్రిన్స్ ఆల్బర్ట్ ఊళ్లోకి పెడాళ్ల మీద నిలబడి, మొగుడి భుజాలు పట్టుకుని వచ్చింది. దారిన పోయేవాళ్లు, ఎవరో పెద్దావిడ ఊరేగింపు అనుకుని చేతులూపారు. ఆమె కూడా ఊపింది.

మూడో రోజు పొద్దున ఫ్లోరిస్ ముఖం వెలిగిపోతోంది. "చూడు, తోలు మళ్లీ మెత్తబడింది. గొర్రె తోక కొవ్వు కరిగించి పట్టించాను."

"ఎంత పట్టించావు?"

"ఉన్నదంతా."

డ్రీనీ చేతులు కడుక్కుంది. ఆమె చేతిలో వేరే పని ఉంది. చివరి సాయంత్రం అందరికీ రొట్టె చెయ్యడం ఆమె వంతు. బస చేసిన ఇంటి వంటగదిలో, సాయంత్రానికి పొంగేలా ఈస్టు తక్కువ వేసి పెద్ద పిండి ముద్ద కలిపింది. మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని ఇంకో సంచిలో పెట్టి, మూతులు బిగించి కట్టింది. బక్కీలో వేస్తే సామాను కింద పడి నలుగుతుందని భయపడి, తమ బైకు పక్కపెట్టెలోనే జాగ్రత్తగా సర్దుకుంది.

స్వార్ట్‌బర్గ్ కనుమ మొదలయ్యేసరికి కొవ్వు తన ప్రతాపం చూపించింది. బండి కొండ ఎక్కుతుంటే డ్రీనీ వెనక్కి జారి సామాను మీద పడేది. మలుపులో దిగుతుంటే ముందుకు జారి మొగుణ్ణి పెట్రోలు ట్యాంకు మీదికి నొక్కేసేది.

"డ్రీనీ, ఊపిరాడటం లేదు!"

"కొవ్వు ఎవరిది ఫ్లోరిస్? కొవ్వు ఎవరిది?"

కనుమ పైన ఆగి, బైకు దిగి, ఇద్దరూ ఒళ్లు విరుచుకున్నారు. లోయ అటు నీలంగా ఉంది, ఇటు ఎర్రగా ఉంది. చూసి వెనక్కి తిరిగేసరికి బైకు మీద ఒక పెద్ద మగ బబూన్ కోతి కూర్చుని ఉంది. కొవ్వు వాసనకు వచ్చినట్టుంది. ఫ్లోరిస్ చేతులూపి అరిచాడు. అది ఆయన్ను కిందికీ పైకీ చూసి, కట్లు తెంపి, తోలు చంకన పెట్టుకుని కొండ ఎక్కేసింది. పైన ఒక బండరాయి మీద తోలు పరిచి, సర్దుకుని, దాని మీద హాయిగా కూర్చుంది.

"చూశావా, దానికి నచ్చింది" అన్నాడు ఫ్లోరిస్, కాస్త గర్వంగానే.

డ్రీనీ సీటు వైపు చూసింది. స్పాంజి కోసేసిన చోట రేకు, రెండు మరమేకు తలలు కనబడుతున్నాయి. దిగువన ఇంకా విల్లోమోర్ దాకా దారి ఉంది. సరిగ్గా అప్పుడే బక్కీ వచ్చి ఆగింది. సాకీ మామ తలుపు తెరిచాడు. దిండు కనబడింది. దిండు పక్కన గులాబీ సీటు కూడా.

డ్రీనీ ఒక అడుగు అటు వేసింది. రెండో అడుగు వెయ్యలేదు. ముప్ఫై ఏళ్లుగా వంటింట్లో నడుం నొచ్చినప్పుడు, కాలు బెణికినప్పుడు, పిల్లలు ఏడ్చినప్పుడు చేతికందినదాన్నే వాడుకున్న మనిషి ఆమె. వెళ్లి పక్కపెట్టె తెరిచింది. సంచి మీద చెయ్యి పెట్టి నొక్కింది. వేలు మెత్తగా దిగి, మెల్లగా పైకి లేచింది.

"డ్రీనీ, అది రాత్రికి రొట్టె" అన్నాడు ఫ్లోరిస్.

"ఇప్పుడు సీటు."

"అందరూ తినేది!"

"రెండు సంచులు కట్టాను. నువ్వు నోరు మూసుకుని బండి తియ్యి. మామా, నువ్వు ఏమీ చూడలేదు."

సాకీ మామ తలుపు మూసేశాడు.

గొర్రెతోలు ఒక లెక్కా! కింద ఇంజను వేడి, పైన ఎండ, అరుగు మీద పిల్లిలా పిండి వెచ్చగా ఒదిగిపోయింది. కొండ దిగేసరికి పొంగడం మొదలుపెట్టింది. డ్రీనీ మెల్లమెల్లగా పైకి లేచింది. పొద్దున మొగుడి హెల్మెట్ వెనక్కే చూస్తూ కూర్చున్న మనిషికి ఇప్పుడు ఆయన తల మీదుగా దారంతా కనబడుతోంది. మరీ ఎత్తయినప్పుడు ఏదో ఒక గుంట వచ్చేది. దభీమని కూర్చునేది, పిండి అణిగేది, మళ్లీ పొంగేది. ఇంటి దగ్గరైతే రెండుసార్లు పిసికి వదిలేసే పిండిని ఆ కంకర దారి సాయంత్రం దాకా పిసికింది.

లెటీ బైకును దాటుతున్నప్పుడు లెటీ తలెత్తి చూసి, "వదినా, పొడుగయ్యావేంటి?" అని అరిచింది.

"సంతోషం లెటీ!" అని అరిచింది డ్రీనీ.

విల్లోమోర్‌లో నిప్పులు కణకణమంటుండగా డ్రీనీ పిండిని ముద్దలు చేసి ఇనపచట్రం మీద కాల్చింది. మొదటి రొట్టె తుంచగానే ఆవిరి వచ్చింది. బ్రాం వరసగా తింటూ పోయాడు. ఎన్నడూ ఎవరి వంటనూ మెచ్చుకోని లెటీ కూడా వెన్న కారుతున్న ముక్క పట్టుకుని దగ్గరికి వచ్చింది.

"వదినా, నిజం చెప్పు, ఇంత మెత్తన ఎలా వచ్చింది?"

"ఓపిక కావాలి లెటీ. తొందరపడి మధ్యలో లేచిపోకూడదు."

ఫ్లోరిస్ నాలుగు రొట్టెలు తిన్నాడు. ముప్ఫై ఏళ్లు కాపురం చేసినవాడికి అలాంటి పట్టింపులు ఉండవు. సాకీ మామ మాత్రం బుట్ట తన దాకా వచ్చినప్పుడల్లా పక్కవాళ్లకు అందించేసి, "నాకు బంగాళాదుంపలు చాలు" అన్నాడు. కాని పిండి మీద కూర్చున్న సంగతి ఎవరికీ చెప్పలేదు. మూడు రోజుల్లో ఆమె బక్కీ ఎక్కలేదని అందరి ముందూ లేచి నిలబడి చెప్పాడు.

ఈసారి బక్కీ ఎవరూ ఎక్కలేదు కాబట్టి హారం ఎవరికి వెయ్యాలని వాదన వచ్చింది. రెండో రోజు గాలి పీల్చినవాళ్లందరూ ఒక్క మాట మీద ఫ్లోరిస్ పేరు చెప్పారు. "సీట్లంటే నీకు అంత ఇష్టం కదా అన్నయ్యా" అంటూ లెటీయే దాన్ని ఆయన మెళ్లో వేసింది. కట్టుబాటు ప్రకారం నాలుగేళ్లు కోరుకున్న లెటీ కొత్తగా గెలిచిన వదినకు దారి ఇవ్వాలి. ఇచ్చింది, నోటి నిండా రొట్టె ఉండటం వల్ల గొడవ లేకుండానే ఇచ్చింది.

"వచ్చే ఏడు లాంబర్ట్స్ బే" అంది డ్రీనీ. "సముద్రం. ఇంకొక మాట. ఈసారి మేం సీటు కొనుక్కుని వస్తాం."

ఫ్లోరిస్ ఏదో అనబోయాడు. మెళ్లో గులాబీ సీటు కంచానికి తగిలి టంగుమంది. దాన్ని పక్కకు జరుపుకుని ఇంకో రొట్టె అందుకున్నాడు.

"సముద్రమైతే సముద్రమే గానీ వదినా, రొట్టె మాత్రం అక్కడ కూడా నువ్వే చెయ్యాలి. అచ్చం ఇలాగే!" అంది లెటీ.

"తప్పకుండా లెటీ" అంది డ్రీనీ.

సాకీ మామ ఇంకో బంగాళాదుంప తీసుకున్నాడు.