గెడ్డ ఒడ్డున కునుకు

పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయని సుభద్ర నెల రోజులుగా రాత్రిపూట మూడు గంటల కంటే ఎక్కువసేపు నిద్రపోవడం లేదు. ఆ ఉదయం తల్లి సోములమ్మ కాఫీ పళ్లు కోస్తుంటే, ఏడాదిన్నర తమ్ముణ్ణి తోట పక్కన పారే గెడ్డ ఒడ్డున రాయి మీద కూర్చోబెట్టుకుని పుస్తకం తెరిచింది.

"కళ్లు ఎర్రగా అయిపోనాయి. కాసేపు తొంగోయే గుంటా, ఆడ్ని నాను సూసుకుంతాను," అంది సోములమ్మ చెట్ల మధ్య నుంచి.

"నాకు నిద్దర రాట్లేదమ్మా."

ఒకే వాక్యాన్ని మూడుసార్లు చదివింది. మళ్లీ తల ఎత్తేసరికి రాయి మీదున్న నీడ తొలగి ఎండ పడింది. తమ్ముడు పక్కన లేడు. నీళ్ల చప్పుడొక్కటే వినిపిస్తోంది.

"అమ్మా!" అని అరుస్తూ గెడ్డ వెంబడి పరుగెత్తింది. వంపు దాటాక పిల్లాడు కనిపించాడు. మెడదాకా నీళ్లలో, ఒక వేరు పట్టుకుని, ఏడవకుండా చూస్తున్నాడు.

అరుపు విని పరుగెత్తుకొచ్చిన సోములమ్మ నీళ్లలోకి దూకి వాణ్ణి ఎత్తుకుంది. "ఏటి సేత్తన్నావే నువ్వు?"

"సదువుతున్నాను. రెప్ప కూడా వెయ్యలేదమ్మా," అంది సుభద్ర.

ఆమె అబద్ధం చెప్పలేదు. తాను నిద్రపోయిన సంగతి ఆమెకు నిజంగానే తెలియదు.

ఇంటికెళ్లగానే సోములమ్మ చాప పరిచింది. సుభద్ర పడుకుంది గానీ, కళ్లు మూసుకోవాలంటే ఇప్పుడు భయం వేసింది.