బాణం చూపిన దారి

కొత్త బ్యాటరీలు వేయాలి. ఆకాశం తెరిపిగా ఉన్నచోట నిలబడి శాటిలైట్లు అందేదాకా ఆగాలి. దిక్సూచి సరిచూడాలి. బస్సు దిగిన చోటును గుర్తు పెట్టాలి. నడిచేటప్పుడు మిషన్ ఆపేసి, టవరు కట్టే స్థలం చేరాకే మళ్లీ వేయాలి.

జీపీఎస్ మిషన్ ఎవరి చేతికిచ్చినా పైడిబాబు చెప్పే పాఠం ఇదే. చివరి మాట మాత్రం అతని సొంతం. గది దాటితే లైటు ఆర్పే ఇంట్లో పెరిగినవాడు. చేతిలో తెర ఊరికే వెలుగుతుంటే ప్రాణం ఒప్పదు.

ఊరూరా సెల్‌టవర్లు లేస్తున్న రోజులు. సర్వే మనిషి బిక్షం ఒక్కడే అనంతగిరి కొండలకు వెళ్లాడు. సాయంత్రం రెజిమెంటల్ బజార్‌లోని కంపెనీ ఆఫీసులో ఉన్న పైడిబాబుకు ఫోను చేశాడు.

"సారూ, వాన షురూ అయింది. మబ్బు కమ్మి వచ్చిన తోవ కనవడ్తలేదు. ఏం నొక్కాలె, జెర జెప్పు."

"నడిచిన దారి మ్యాపులో గీతలాగ ఉంటాది అన్నా. అది పట్టుకొని వెనక్కొచ్చీ."

"గీత ఏడిది? నువ్వే గద బంద్ జెయ్యమంటివి! రెండు చుక్కలే ఉన్నయ్. బస్సు దిగిన కాడొకటి, నేనొకటి."

పైడిబాబు కాగితం, పెన్ను ముందుకు లాక్కున్నాడు.

"బాణమైతే జూపిస్తున్నది. గని సీదా లోయలకే! నాకు రెక్కలున్నయనుకున్నదా ఏంది నీ మిషన్?" బిక్షం నవ్వాడు.

బాణానికి దిక్కు తెలుసు. మధ్యలో ఉన్న లోయ తెలియదు. ఆ మాట చెప్పాలి. కానీ ముందు మనిషి ఎక్కడున్నాడో రాసుకోవాలనుకున్నాడు పైడిబాబు.

"తెరమీద అంకెలు చదువన్నా, మనుషుల్ని పంపుతాను."

అక్షాంశం పూర్తిగా వచ్చింది. రేఖాంశం సగంలో ఉండగా లైను తెగిపోయింది. బాణం వెంట వెళ్లొద్దన్న మాట నోట్లోనే ఉండిపోయింది.

మళ్లీ చేశాడు. మళ్లీ మళ్లీ చేశాడు. ఫోను కలవలేదు. అటవీశాఖ వాళ్లకు చేస్తే, "ఎక్కడున్నాడు?" అన్నారు.

"సగమే తెలుసండీ," అన్నాడు పైడిబాబు. ఆ సగంతో కొండంతా అడ్డంగా ఒక గీత గీయవచ్చు. ఆ గీత మీద ఎక్కడని వెతుకుతారు? అయినా వెతకమని బతిమాలాడు. ఏడ్చాడు.

తెల్లారాక, బాణం చూపిన వైపే, బండ మీంచి జారి లోయలో పడి దొరికాడు బిక్షం. అప్పటికే ప్రాణం లేదు.

లాలాగూడలోని ఇంటికి వెళ్తే, బిక్షం భార్య పుష్పమ్మ ఒక్కటే అడిగింది. "ఆ మిషన్ తోవ జూపిస్తదంటిరి గద, బాబూ?"

"చూపిస్తాదమ్మా. ఆపేయమన్నది నేనే."

పైడిబాబు గుమ్మంలోనే కూలబడ్డాడు.

నీళ్లలో పడినా చెడిపోని మిషన్ అది. ఆ సంగతి బిక్షానికి ఎవరూ చెప్పలేదు. కంపెనీ సొమ్ము తడవకూడదని తన తలరుమాలు విప్పి దానికి చుట్టి, నడుముకు కట్టుకుని, తాను వట్టి తలతో వానలో లోయలోకి దిగాడు. చదివినవారు ఆ మనిషిని మరిచిపోకండి. ఎప్పుడైనా ఒకసారి బిక్షాన్ని తలుచుకోండి.