మూడో పూట

వంకాయని కూడా నాలుగు వైపులా తిప్పి చూస్తేగానీ సంచిలో వేసుకోని మనిషి నాగభూషణరావు. అలాంటి తండ్రిని వెంటబెట్టుకుని, ఎవరో వాడేసిన గ్రాఫిక్స్ కార్డు కొనడానికి గుడివాడ బయల్దేరడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదని హర్షిణికి అవనిగడ్డ బస్టాండులోనే తెలిసొచ్చింది. కానీ తప్పదు. బేరం ఆయన చేతిలో ఉంది.

హర్షిణి మచిలీపట్నంలో డిగ్రీ చదువుతోంది. హాస్టల్ పక్కనున్న గేమింగ్ సెంటర్లో తుపాకుల ఆట గంటల చొప్పున ఆడి ఆడి చెయ్యి తిరిగింది. కాలేజీల పోటీకి వెళ్ళే అమ్మాయిల జట్టుకి జెనిఫర్ కెప్టెన్. అయిదో మనిషిగా హర్షిణినే తీసుకుంటానంది. కాకపోతే సెలవుల్లో ఇంటి నుంచి రోజూ ప్రాక్టీసు చెయ్యాలి, ఆదివారంలోగా సొంత కంప్యూటర్ లేకపోతే ఇంకొకర్ని చూసుకుంటానని మొహమాటం లేకుండా చెప్పేసింది.

డబ్బుకి దారి ఒక్కటే, చుక్క. నుదుటి మీద తెల్లమచ్చతో పుట్టిన గేదె. పుట్టినరోజే నాగభూషణరావు "ఈ పెయ్య నీది" అని కూతురికిచ్చేశాడు. ఇప్పుడది మొదటి ఈత ఈని పాలిస్తోంది. పక్క వీధి సాల్మన్ రాజు కొంటానన్నాడు. సగం డబ్బు పొలం కౌలుకి, సగం కంప్యూటర్‌కి. అమ్ముదామని నోరు తెరిచి అడిగింది హర్షిణే. నిన్న సాయంత్రం రాజు పాలు తీయడానికి దాని దగ్గర కూర్చోగానే లోపలికెళ్ళి ఏడ్చిందీ హర్షిణే.

గేదెని మాట మీద కొనరు. కొనేవాడు అమ్మేవాళ్ళ దొడ్లోనే మూడు పూటలు పాలు తీసి చూసుకుంటాడు. మూడో పూటయ్యాక తన కొత్త పలుపుతాడు కట్టి తోలుకెళ్తాడు, పాత పలుపు అమ్మినవాళ్ళ ఇంట్లోనే ఉండిపోతుంది. అప్పటిదాకా ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు. రెండు పూటలు అయిపోయాయి. మూడోది ఈ సాయంత్రం. "ఈలోపు ఆ కార్డు సంగతి నాకు నచ్చితే సరే. లేదంటే రాజుకి అడ్వాన్సు తిరిగిచ్చేస్తా," అన్నాడు నాగభూషణరావు.

బస్సు పులిగడ్డ వంతెన ఎక్కింది.

"ఏమేం కొంటున్నావో మళ్ళీ చెప్పమ్మా."

"ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్ కొత్తవే నాన్నా. పెట్టె మాత్రం రంగు దీపాలవీ లేని మామూలుది. మానిటర్ మా సీనియర్‌ది, పాతది. మనూళ్ళో కరెంటు సంగతి తెలుసుగా, అందుకని పవర్ సప్లై మంచిదే తీసుకుంటున్నా. కార్డు కొత్తది కొనాలంటే మన డబ్బు చాలదు."

"ఇన్నిట్లో పొదుగు ఏది?"

ముందు సీట్లో ఆవిడ వెనక్కి తిరిగి చూసింది.

"ఆ కార్డే," అంది హర్షిణి గొంతు తగ్గించి.

"అంటే కొమ్ములు కొత్తవి కొని, పొదుగు పాతది కొంటున్నావన్నమాట."

పామర్రు దాటేదాకా హర్షిణి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

గుడివాడలో ప్రకాష్ ఇంట్లో కూర్చునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. కొత్త కార్డు కొనుక్కుని, పాతది అమ్మకానికి పెట్టాడు. ఒక్క నిమిషం ఆట నడిపించి, "చూశారుగా అంకుల్, ఏ ఇబ్బందీ లేదు," అన్నాడు.

"చూశాం బాబూ. ఇంకా మూడు పూటలు చూస్తాం."

హర్షిణికి ఆ మేడ మెట్లు దిగి పారిపోదామనిపించింది. మూడు పూటలూ ఇక్కడే ఉండలేం కాబట్టి మూడు ఆటలు చాలని, తన కూతురే ఆడుతుందని నాగభూషణరావు తీరిగ్గా వివరించాడు. ప్రకాష్ ముఖం ముడుచుకున్నాడు.

"నా మీద నమ్మకం లేదా అంకుల్?"

"లేకపోతే ఇంతదూరం ఎందుకొస్తాం? రేపు నువ్వు మా ఇంటికొచ్చి గేదెని కొన్నా ఇంతే. పాలు తీసి చూసుకోకుండా నేనివ్వను."

ప్రకాష్‌కి నవ్వొచ్చింది. లేచి కుర్చీ ఇచ్చాడు.

తండ్రి ఎదుట హర్షిణి ఎప్పుడూ ఆడలేదు. అడుగుపెట్టిన చోటల్లా దెబ్బ తింది. మొదటి ఆట చిత్తుగా ఓడిపోయింది. ఇక లే, వెళ్దాం అంటాడని వెనక్కి తిరక్కుండా కూర్చుంది.

"ఇది లెక్కలోకి రాదు బాబూ," అన్నాడు నాగభూషణరావు. "కొత్త చోట, కొత్త మనుషుల మధ్య మొదటి పూట ఏ గేదే పాలు చేపదు. తొందరపెడితే ఉన్న పాలు కూడా బిగబడుతుంది."

ఆ మాట కార్డు గురించి కాదని ప్రకాష్‌కి కూడా తెలిసిపోయింది. ఇంకెప్పుడైనా అయితే తనని గేదెతో పోల్చినందుకు హర్షిణి రెండ్రోజులు మూతి ముడుచుకుని తిరిగేది. ఇప్పుడు మాత్రం కళ్ళు చెమర్చాయి.

రెండో ఆట అత్తెసరుగా గెలిచింది. కార్డు ఫ్యాను రొదపెట్టింది. "ఒగరుస్తోందేం?" అని నాగభూషణరావు వంగి చూశాడు. ప్రకాష్ సిగ్గుపడుతూ పెట్టె విప్పి, బ్రష్షుతో దుమ్ము దులిపి, అడక్కుండానే అయిదొందలు తగ్గించాడు.

అంతలో ఫోను మోగింది. సాల్మన్ రాజు.

"భూషణం గారూ, పాలు తీసేశానండీ. నిన్నటికంటే ఎక్కువే ఇచ్చింది. తోలుకెళ్ళమంటారా?"

"కాసేపాగు రాజూ. ఇక్కడ మూడో పూట కాలేదు."

మూడో ఆటకి హర్షిణి జెనిఫర్‌ని పిలిచింది. జట్టు నలుగురూ ఆన్‌లైన్లోకి వచ్చేశారు. హెడ్‌సెట్ పెట్టుకున్నాక ఆమెకి తండ్రి గుర్తులేడు. "ఎవరూ కదలొద్దు! జెన్నీ, ఎడంపక్క మెట్ల దగ్గర ఆగు. నేను చెప్పేదాకా కాల్చకు." ఇంట్లో మజ్జిగ కావాలన్నా గొణిగే పిల్ల, గది అదిరేలా చెప్తోంది. జట్టు నలుగురూ ఆమె మాటే వింటున్నారు. ఆఖరి రౌండులో తనవాళ్ళందరూ పడిపోయి హర్షిణి ఒక్కతే మిగిలింది, ఎదురుగా ముగ్గురు. గోడ వెనక ఊపిరి బిగబట్టి ఆగింది. ఒక్కొక్కర్నీ రానిచ్చి, ముగ్గుర్నీ పడగొట్టింది. హెడ్‌సెట్లో కేకలు బయటికి వినిపించాయి.

వెనక్కి తిరిగితే నాగభూషణరావు స్క్రీన్‌కేసి చూడటం లేదు, ఆమెకేసి చూస్తున్నాడు. పాలు తీసేటప్పుడు కూడా ఆయన చెంబుకేసి చూడడు, గేదెకేసే చూస్తాడు.

"నీకింత గొంతుందని నాకు తెలీదమ్మా," అన్నాడు. తర్వాత ఫోను తీశాడు.

"రాజూ, కొత్త పలుపు తెచ్చుకున్నావా? కట్టి తోలుకెళ్ళు. జాగ్రత్త, కుడిపక్క నుంచి వెళ్తే బెదురుతుంది." ఫోను పెట్టేయబోయి, మళ్ళీ చెవి దగ్గర పెట్టుకున్నాడు. "పాత పలుపు మా అమ్మాయి గదిలో తగిలించమని మా ఇంట్లో చెప్పు."

హర్షిణి చున్నీతో ముఖం తుడుచుకుంది. ఏడుపూ సంతోషమూ కలిసే వచ్చాయి. ప్రకాష్ కార్డు విప్పడానికి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

"ఆగు బాబూ," అన్నాడు నాగభూషణరావు కుర్చీ ముందుకి జరుపుకుంటూ. "ఇంకొక్క ఆట ఆడనీ. కార్డు కోసం కాదు, నేను చూడాలి."